ఊళ్ళో గొర్రెలు లేవన్న పోలమ్మ

ఎర్రమిట్టపల్లెలో ఎవరికి ఏ ఆఫీసులో పనిపడినా పోలమ్మను వెంటబెట్టుకొని పోయేవాళ్ళు. బోరు చెడిపోయినా, పింఛను ఆగిపోయినా పెద్దారవీడు మండలాఫీసులో నిలబడి మాట్లాడేది ఆమే. బడికి పోయింది మూడో తరగతి దాకే గానీ, మాటకు తడుముకోవడం ఆమెకు తెలీదు. ఎదుటి మనిషి ఏ మాటకు మెత్తబడతాడో మొహం చూసి పట్టేసేది. అరిచే ఆఫీసరు దగ్గర మెల్లగా, నసిగే ఆఫీసరు దగ్గర గట్టిగా మాట్లాడేది. పని అయ్యేదాకా కదిలేది కాదు.

మొగుడు గురుస్వామి ఆమెకు సొంత మేనమామ. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఆమె ఆయన్ను మామా అనే పిలిచేది. మనుషుల్లో కూర్చుంటే ఆయనకు మాట వచ్చేది కాదు. అడిగినదానికి ఊ అంటే ఊ, లేదంటే తల అడ్డంగా ఊపడం. అదే మందలోకి పోతే వేరే మనిషి. ఒక్కో గొర్రెను ఒక్కో పేరు పెట్టి తిట్టేవాడు, బుజ్జగించేవాడు, దాని తల్లి ఎంత పెంకిదో దానికే చెప్పేవాడు. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ దిగులు పోలమ్మకు ఉండేది గానీ ఆయనకు ఉన్నట్టు కనపడేది కాదు. గొర్రెలు ఈనే కాలంలో, అప్పుడే పుట్టిన పిల్లను గొంగడిలో చుట్టుకొని ఇంట్లోకి తెచ్చి, "చూడే, చెవులు చూడు దీనివి" అని ఆమె ఒళ్ళో పడేసేవాడు.

ఊరి వెనకాల దొనగుట్ట ఉంది. నల్లమల అక్కడినుంచే మొదలవుతుంది. వానలు పడినాక గుట్టమీద గడ్డి లేస్తే చలికాలం దాకా ఊరి మందలన్నిటికీ అదే మేత. తర్వాత కోతలైన చేలమీద తోలేవాళ్ళు. ఎండలు ముదిరితే గురుస్వామి మందను తోలుకొని సాగరు కాలవల కిందికి పోయి, తొలకరికి తిరిగి వచ్చేవాడు. వాళ్ళ నాయన అట్లనే బతికినాడు. ఆయన నాయనా అంతే.

నాలుగేళ్ళ కింద ఊళ్ళోకి జీపు వచ్చింది. అందులోనుంచి దిగిన మధుసూదన్ ఒక కంపెనీ తరఫు మనిషి. ఒంగోలు వైపువాడు. నెమ్మదస్తుడు, ఎవరినైనా అక్కా, అన్నా అని పిలిచేవాడు. బడి వసారాలో అందరినీ కూర్చోబెట్టి చెప్పినాడు.

"సముద్రాల అవతల ఒక చలిదేశం ఉంది. అక్కడ ఫ్యాక్టరీలు ఎక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగవల్లే మనకిక్కడ ఎండలు పెరిగి, వానలు తప్పుతున్నాయి. పొగ తగ్గించుకోమంటే వాళ్ళకు ఫ్యాక్టరీలు ఆపడం కుదరదు. అందుకని ఇక్కడ మన గుట్టమీద చెట్లు పెంచుతాం. ఆ చెట్లు ఎంత పొగ పీల్చినాయో లెక్కగట్టి, అంత పొగ మేమే తగ్గించినామని వాళ్ళు రాసుకుంటారు. దాన్నే కార్బన్ క్రెడిట్ అంటారు. బదులుగా మనకు డబ్బిస్తారు. రెండు ప్రభుత్వాలు కలిసి సంతకాలు పెట్టిన పని ఇది."

"వాళ్ళ పొగకు మా గుట్ట ఎందుకు సార్?" అన్నది పోలమ్మ.

"అది ఎవరూ వాడని బంజరు అని మ్యాపులో ఉందక్కా."

అందరూ నవ్వినారు. పోలమ్మ లేచి నిలబడి, ఎవరెవరి మంద ఎప్పుడు ఎక్కడ మేసేదీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మధుసూదన్ అడ్డం రాలేదు. అంతా విని, "మూడేళ్ళు ఓర్చుకోండి. మొక్కలు మేకల నోటికి అందనంత ఎత్తు పెరిగితే గేటు తీస్తాం. చెట్ల కింద గడ్డి ఇప్పటికంటే బాగా వస్తుంది" అన్నాడు. పోయేటప్పుడు ఆమెను పక్కకు పిలిచినాడు. "మీలాంటి వాళ్ళు ఒక్కరు మాతో ఉంటే చాలక్కా. ఊరికి, కంపెనీకి మధ్య మాట చెప్పే మనిషి కావాల. నెల జీతం."

పోలమ్మ మూడు రోజులు ఆలోచించింది. జీతం మాట నిజమే గానీ, ఆమెను లాగింది అది కాదు. ఇన్నేళ్ళూ ఆఫీసుల ముందు ఆమె అడిగింది, వాళ్ళు ఇచ్చినారు. ఇప్పుడు ఒక పెద్దమనిషి తనంతట తాను వచ్చి ఆమె మాట కావాలన్నాడు. ఆకుపచ్చ కోటు, మెళ్ళో ఫొటో ఉన్న కార్డు ఇచ్చినారు. ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది. చివర గురుస్వామి మిగిలినాడు.

"మూడేళ్ళే మామా. మూడేళ్ళు కండ్లు మూసుకుంటే అయిపోతాయి."

"మూడేళ్ళు గొర్రె నోరు మూసుకుంటుందా?" అన్నాడు ఆయన. అయినా సంతకం దగ్గర వేలిముద్ర వేసినాడు.

కంచె పడింది. గుంతలు తవ్వి కానుగ, వేప, ఎర్రచందనం నాటినారు. మేత లేక ఊళ్ళో చాలామంది మందలు అమ్ముకున్నారు. కొందరు మిరప కోతలకు, కొందరు ఇళ్ళు కట్టే బేల్దారి పనులకు పోయినారు. మందలు నిలుపుకున్నది గురుస్వామి, ఆయన మేనత్త శేషమ్మ, ఇంకో ఇద్దరు. వాళ్ళు పొలాల గట్ల మీద, రోడ్ల పక్కన మేపుకుంటూ నెట్టుకొచ్చినారు.

రెండో ఏడు శేషమ్మ మేకలు కంచె సందులో దూరినాయి. ముసలామె కర్ర పట్టుకొని వెనక పరిగెత్తేలోపే తోట కాపలాదారు శ్యాంసన్ వాటిని పట్టి, ఏం చేయమంటావని పోలమ్మకు ఫోను చేసినాడు. వదిలేయమని ఆమె అనొచ్చు. శ్యాంసన్ కూడా ఆ మాట కోసమే చేసినాడు. కానీ ఆ పొద్దు మధుసూదన్ ఊళ్ళోనే ఉన్నాడు. "బందెలదొడ్డికి తోలు" అన్నది. సాయంత్రం శేషమ్మ ఆమె గుమ్మం ముందు నిలబడి, "నా చేతుల మీద పెరిగినావు కదే పోలీ" అని ఒక్కమాట అని, దండుగ కట్టడానికి తన చెవి కమ్మలు తీసి అమ్ముకోను పోయింది. పోలమ్మ తలుపు చాటున నిలబడి విన్నది. మరుసటి రోజు ఆకుపచ్చ కోటు వేసుకొని మామూలుగానే పనికి పోయింది.

మూడేళ్ళు గడిచినాయి, గేటు తెరవలేదు. వానలు సరిగా లేక మొక్కలు ఎదగలేదనీ, ఇంకో ఏడు ఆగాలనీ మధుసూదన్ చెప్పినాడు. ఆ మాటనే పోలమ్మ ఊళ్ళో చెప్పింది. ఆమె నోట వచ్చింది కాబట్టి ఊరు నమ్మింది.

మొన్న ఎండాకాలం, రోహిణి కార్తెలో, ఆ చలిదేశం మనుషులు తోట చూడడానికి వస్తున్నారని కబురు తెలిసింది. వాళ్ళకు నచ్చితే వెలిగండ్ల వైపు ఇంకో గుట్ట కూడా తీసుకుంటారు. ముందు రోజు మధుసూదన్ పోలమ్మ ఇంటికే వచ్చినాడు.

"అక్కా, రేపు ఊళ్ళో ఒక్క గొర్రె కనపడకూడదు. అరుపు కూడా వినపడకూడదు."

"ఎందుకు సార్? మందలున్న సంగతి వాళ్ళకు తెలీదా?"

"మందలోళ్ళంతా ఇష్టపడి వేరే పనుల్లోకి పోయినారని రాసినాం. ఇక్కడి మంద ఇంకో చోటికి పోయి మేస్తే, ఇక్కడ పెరిగింది అక్కడ తరిగినట్టేనని వాళ్ళు లెక్క కొట్టేస్తారు. ప్రాజెక్టు పోతుంది. మీ జీతం పోతుంది, ఊరికి రావలసిన భాగం పోతుంది."

ఆ ఏడు గురుస్వామి కాలవల కిందికి పోలేదు. గొర్రెలు చాలా మటుకు నిండు చూడితో ఉన్నాయి, అంత దూరం నడవలేవు. తెల్లారకముందే ఎటైనా తోలుకుపోతానన్నాడు. వచ్చేవాళ్ళు డ్రోను ఎగరేస్తారు, చుట్టుపక్కల ఎక్కడున్నా కనపడతాయన్నాడు మధుసూదన్. బడికి అవతల మూతబడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డు ఉంది. మార్కాపురం పలకలకు గిరాకీ ఉన్న రోజుల్లో కట్టింది. ఎరువు బస్తాలు, తీగచుట్టలు దాచుకోవడానికి కంపెనీ దాన్ని అద్దెకు తీసుకొని, దొంగల భయానికి కిటికీలన్నీ రేకులు కొట్టి మూసింది.

"ఆ రేకుల కొంపలోనా?" అన్నాడు గురుస్వామి. "ఈ ఎండల్లోనా?"

"పదింటికి వస్తారు, పదకొండుకల్లా గుట్ట ఎక్కేస్తారు. వెంటనే తీయిస్తా" అన్నాడు మధుసూదన్.

గురుస్వామి పోలమ్మ మొహంలోకి చూసినాడు. ఇంట్లో ఎప్పుడు ఏది తేల్చాలన్నా ఆయన చూసేది అటే.

"ఒక్క పూటే కదా మామా," అన్నది ఆమె. "నీళ్ళు పెడదాం. నేనున్నా కదా."

తెల్లవారుజామున నాలుగు ఇళ్ళ జీవాలనూ షెడ్డులోకి తోలినారు. గురుస్వామి తొట్లలో నీళ్ళు నింపి, చూడి గొర్రెలను గోడ పక్కకు సర్ది బయటికి వచ్చినాడు. శ్యాంసన్ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని, వచ్చేవాళ్ళకు తోట చూపించడానికి గుట్టమీదికి పోయినాడు.

పదయింది, పదకొండయింది. కార్ల జాడ లేదు. విమానం ఆలస్యమైందన్నారు. తర్వాత మార్కాపురంలో టిఫిన్లకు ఆగినారన్నారు. బడి వసారాలో షామియానా కింద ఊరంతా ముస్తాబై కూర్చుంది. షెడ్డు వైపునుంచి అరుపులు మొదలైనాయి. ముందు ఒకటీ అరా, తర్వాత అన్నీ కలిసి. గురుస్వామి లేచినాడు. పోలమ్మ కళ్ళతోనే కూర్చోమన్నది. కాసేపు కూర్చొని మళ్ళీ లేచినాడు.

"సార్, ఒక్కసారి తలుపు తీసి మూసేద్దాం" అన్నాడు మధుసూదన్‌తో. ఆయన అంత పొడుగు మాట బయటివాళ్ళతో అనడం ఊరు ఎప్పుడూ వినలేదు.

"తాళంచెవి గుట్టమీద ఉందన్నా. పోయి వచ్చేసరికి వాళ్ళు ఇక్కడుంటారు. దారిలోనే ఉన్నారట."

సరిగ్గా అప్పుడే కార్లు వచ్చినాయి. ముగ్గురు విదేశీయులు దిగినారు. వాళ్ళలో పెద్దామె తెల్లజుట్టు మనిషి, చేతులు జోడించి నవ్వింది. వెంట హైదరాబాదు నుంచి వచ్చిన రాధిక ఆమె మాటలు తెలుగులో చెప్తూ ఉంది. దండలు, కొబ్బరినీళ్ళు అయినాక పోలమ్మను ముందుకు పిలిచినారు. కెమెరా పెట్టినారు.

పోలమ్మ ఆ రోజు మాట్లాడినట్టు ఎన్నడూ మాట్లాడలేదు. కరువు గురించి చెప్పింది, గుట్ట పచ్చబడడం గురించి చెప్పింది, ఆడవాళ్ళకు దొరికిన పని గురించి చెప్పింది. తెల్లజుట్టామె కుర్చీ దగ్గరికి లాక్కొని, ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. చిన్నప్పుడు ఏం చేసేదానివని అడిగింది. గొర్రెల వెంట తిరిగేదాన్నని చెప్పింది పోలమ్మ.

రాధిక ఉన్నట్టుండి తల తిప్పింది. "ఆ అరుపులేంటి?"

"పక్కూరి మందమ్మా. రోడ్డమ్మట పోతుంటాయి."

"మీ ఊళ్ళో ఇప్పుడు గొర్రెలు లేవా అని అడుగుతున్నారు."

"లేవమ్మా. మాకు ఇష్టమై మానుకున్నాం. ఆ ఎండా, ఆ తిరుగుడూ ఎవరు పడతారు?"

"మీకు గొర్రెలంటే ఇష్టం ఉండేదా అంటున్నారు."

"ఉండేదమ్మా," అన్నది పోలమ్మ.

గురుస్వామి మూడోసారి లేచి బడి గేటు వైపు నడిచినాడు. కంపెనీ మనుషులిద్దరు నవ్వుతూనే ఆయన భుజాల మీద చేతులు వేసి వెనక్కి తెచ్చి, పోలమ్మ పక్కనే కుర్చీలో కూర్చోబెట్టినారు. ఆమె భర్త అని చెప్పినారు. తెల్లజుట్టామె ఆయన చేయి పట్టుకొని ఊపింది. ఆయన చూపు షెడ్డు వైపే ఉంది.

అంతలో అరుపులు తగ్గినాయి. సన్నబడి, ఆగి ఆగి వచ్చి, చివరికి నిలిచిపోయినాయి. పోలమ్మకు గుండె తేలికైంది. హమ్మయ్య, పడుకున్నాయి అనుకుంది. ఆ హాయిలో గొంతు ఇంకా తేటపడి, తెల్లజుట్టామె కళ్ళు తుడుచుకునేదాకా మాట్లాడింది. ఆ తర్వాత బతుకంతా పోలమ్మ మరిచిపోలేనిది ఆ నిమిషమే. అరుపులు ఆగినందుకు తాను సంతోషపడింది.

భోజనాలైనాయి. ఎండ తగ్గినాక గుట్ట ఎక్కుదామనుకొని వాళ్ళు కార్లలోనే ఏసీ వేసుకొని కూర్చున్నారు. అప్పటిదాకా కంపెనీ మనుషులిద్దరూ గురుస్వామి పక్కనుంచి లేవలేదు. కార్లు గుట్ట వైపు కదిలేసరికి మూడు దాటింది. గురుస్వామి పరిగెత్తి, రోడ్డు పక్కనున్న గునపం తీసుకొని షెడ్డు తాళం పగలగొట్టినాడు. తలుపు లోపలికి తెరుచుకునే రకం. నెట్టితే కదల్లేదు. లోపల తలుపుకు ఆనుకొని మంద అంతా గుట్టగా పడి ఉంది. గాలి వచ్చే సందు కోసం అన్నీ అక్కడికే చేరి, ఒకదానిమీద ఒకటి ఎక్కినాయి. పదిమంది కలిసి నెడితే మనిషి పట్టే సందు అయింది. వేడి మొహాన కొట్టింది. తొట్లు బోర్లాపడి ఉన్నాయి. గోడ పక్కన సర్దిన చూడి గొర్రెలు అక్కడే, కాళ్ళు చాపి, నాలుకలు బయటపెట్టి పడి ఉన్నాయి. ఒకటి చస్తూ ఈనింది. తడి పిల్ల సిమెంటు నేలకు అంటుకొని ఎండిపోయింది.

గురుస్వామి వాటిని పేరుపేరునా పిలుచుకుంటూ పోయినాడు. పిలిచినప్పుడు తల కదిపినదాన్ని ఎత్తుకొని బయటికి తెచ్చినాడు. ఊపిరున్నవి పది కూడా లేవు.

పోలమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. శేషమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకొని లోపలికి లాక్కుపోయి, అప్పుడే చచ్చిన చూడి మేక పొట్టమీద ఆమె అరచేయి ఆనించి అదిమింది.

"కదుల్తుంది, చూడు. లోపల ఇంకా కదుల్తుంది. నీ మాటలతో బయటికి పిలువు."

చేయి కింద ఆ కదలిక రెండుసార్లు తగిలి, ఆగిపోయింది. శేషమ్మ అప్పటిదాకా చేయి వదల్లేదు.

మరుసటి రోజు గుంతలు తవ్వే జేసీబీని మధుసూదనే పంపినాడు. కంచె పక్కన పెద్ద గుంత తీసి అన్నిటినీ పూడ్చినారు. పోలమ్మ ఆయన కాలర్ పట్టుకున్నంత పని చేసింది.

"చచ్చినవాటికి ఏమన్నా ఇప్పించండి సార్. నా మందకు వద్దు, శేషమ్మత్తకు ఇప్పించండి. ఆ మేకలు తప్ప ఆమెకు ఇంకేం లేదు."

మధుసూదన్‌కు కూడా నిద్రలేదని మొహం చూస్తేనే తెలుస్తుంది. "లేని గొర్రెలు చచ్చినాయని ఎట్ల రాసేదక్కా? మీరే కదా లేవన్నారు" అన్నాడు మెల్లగా. అందులో వెటకారం లేదు. నిజంగానే ఆయనకు దారి తెలియలేదు. అట్లని వెతకనూ లేదు.

ఆమె మార్కాపురం పోయి ఆర్డీవో ఆఫీసులో మొరపెట్టుకుంది. కూర్చోబెట్టి విన్నారు. అప్పటికే ఆ వీడియో ఫోన్లలో తిరుగుతున్నది. అక్కడి ఉద్యోగి దాన్ని తెరిచి ఆమె ముందే పెట్టినాడు. ఆకుపచ్చ కోటులో పోలమ్మ నవ్వుతూ, మా ఊళ్ళో గొర్రెలు లేవమ్మా అంటున్నది. ఆమె పక్క కుర్చీలో గురుస్వామి ఉన్నాడు. పోలమ్మ చూసింది ఆయన మొహాన్నే. ఆ రోజు అంత దగ్గరగా కూర్చొని కూడా ఆమె దాన్ని చూడలేదు.

"చాలా బాగా మాట్లాడినావమ్మా" అన్నాడు ఆ ఉద్యోగి.

గురుస్వామి ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. బతికిన జీవాలను తోలుకొని దొడ్డిలోనే ఉండిపోయినాడు. తాగే నీళ్ళు శేషమ్మ ఇంట్లో అడిగేవాడు. పోలమ్మ అన్నం తెచ్చి పెడితే, ఆమె పోయేదాకా దాన్ని ముట్టేవాడు కాదు. కొన్ని వారాలు ఆమె ఓర్చుకుంది. తొలకరి పడిన పొద్దు దొడ్డి ముందు నిలబడి, వీధి వీధంతా వినేటట్టు ఏడ్చింది.

"కొట్టు మామా. పోలీసోళ్ళకన్నా పట్టియ్యి. నువ్వు కూడా ఆ తాళం ముందే పగలగొట్టొచ్చు కదా? నా ఒక్కదాని తప్పా? ఏదో ఒకటి అను."

ఆయన గొర్రె వెన్ను నిమురుతూనే ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నా తప్పూ ఉంది. అది నాకు తెలుసు. కానీ నీతో మాట్లాడితే నువ్వే గెలుస్తావు పోలీ. పొద్దుగూకేలోపల నన్ను ఒప్పిస్తావు, నేనూ ఒప్పుకుంటా. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు."

మరుసటి రోజు ఆయన జీవాలను తోలుకొని గిద్దలూరు వైపు పోయినాడు. అక్కడ ఎవరిదో పెద్ద మందలో కలిపి, వాళ్ళ దగ్గరే మేపుడు పనికి కుదిరినాడని విన్నారు. తిరిగి రాలేదు. శేషమ్మ ఆ చలికాలం మంచాన పడి పోయింది. పాడె ఎత్తేటప్పుడు పోలమ్మను దగ్గరికి రానివ్వలేదు.

వెలిగండ్ల వైపు గుట్ట ఖాయమైంది. అక్కడ మాట్లాడడానికి రమ్మని మధుసూదన్ కబురు పంపితే పోలమ్మ కోటు, కార్డు శ్యాంసన్ చేతికిచ్చి పంపేసింది. ఇప్పుడు మిరప కోతలకు పోతుంది. ఆడవాళ్ళు ఆటోలో ఆమెకు చోటిస్తారు, మాట మాత్రం కలపరు. దొనగుట్ట మీద సగం మొక్కలు మోడుబారినాయి. కంచె మాత్రం చెక్కుచెదరలేదు. వానలు పడి లోపల గడ్డి మోకాళ్ళెత్తు లేచి, మేసేది లేక అట్లనే ఎండిపోతున్నది.